అమ్మానాన్నలతో, పిల్లలతో అద్దె ఆర్‌వీలో ఎల్లోస్టోన్ యాత్ర: బుకింగ్ నుంచి బండి తిరిగి ఇచ్చేదాకా

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, వాళ్లనూ పిల్లలనూ కలిపి ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు తీసుకువెళ్లాలని అమెరికాలో ఉన్న చాలా తెలుగు కుటుంబాలు అనుకుంటాయి. ఆ ప్రయాణానికి మోటర్‌హోమ్‌ను, అంటే ఆర్‌వీని, అద్దెకు తీసుకునే ఆలోచన మీకుంటే, డబ్బు ఆదా అవుతుందన్న లెక్కతో మాత్రం బయలుదేరకండి. రోజు అద్దె, మైళ్ల లెక్కన వేసే రుసుం, గ్యాలన్‌కు ఎనిమిది నుంచి పది మైళ్లకు మించని మైలేజీ, క్యాంప్‌గ్రౌండ్ ఛార్జీలు అన్నీ కలిపితే ఖర్చు హోటల్ గదులకు దాదాపు సమానంగానో, కొన్నిసార్లు ఎక్కువగానో తేలుతుంది. ఆర్‌వీ ఇచ్చే లాభం వేరు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చడానికి మంచం, షుగర్ ఉన్న నాన్నకు ఎప్పుడు కావాలంటే అప్పుడు బాత్రూమ్, బయటి తిండి పడనివారికి వేళకు వేడి అన్నం, ఇవన్నీ పార్కులోని గీజర్ (నేలలోంచి వేడినీరు ఎగజిమ్మే ఊట) పక్కనున్న పార్కింగ్‌లోనే దొరుకుతాయి. పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఈ సుఖం చాలా విలువైనది.

అయితే ఆ సుఖం మీరు ఎంత తక్కువ తిరిగితే అంత ఎక్కువగా దక్కుతుంది. రోజుకో ఊరు చొప్పున మారే ప్రణాళిక కారుకు సరిపోతుంది కానీ ఆర్‌వీకి సరిపోదు, ఎందుకంటే బయలుదేరిన ప్రతిసారీ నీటి గొట్టం, కరెంటు తీగ, మురుగు గొట్టం విప్పి, లోపలి సామానంతా సర్ది, చేరిన చోట మళ్లీ అంతా బిగించుకోవాలి. కాబట్టి వారం రోజుల యాత్రకు రెండే మకాములు పెట్టుకుని, ఒక్కో చోట కనీసం మూడు రాత్రులు ఉండేలా చూసుకోండి. ఈ గైడ్‌లో చెప్పేదంతా ఆ పద్ధతిని దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను.

బండి కంటే ముందు సైటు

చాలామంది ముందు బండి బుక్ చేసి తరువాత క్యాంప్‌గ్రౌండ్‌లో దాన్ని నిలిపే చోటు, అంటే సైటు, వెతుకుతారు. మీరు ఆ వరుస తిప్పండి. ఎల్లోస్టోన్ లోపల నీరు, కరెంటు, మురుగు మూడు కనెక్షన్లూ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఒక్కటే ఉంది, అది ఎల్లోస్టోన్ సరస్సు ఒడ్డుకు దగ్గరలోని ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్. అక్కడ ఎలుగుబంట్ల సంచారం ఎక్కువ కనుక గట్టి గోడలున్న బండ్లనే అనుమతిస్తారు, గుడారాలను, గుడ్డ గోడలున్న పాప్‌అప్ ట్రైలర్లను అనుమతించరు. దాన్నీ, మాడిసన్, కాన్యన్, గ్రాంట్, బ్రిడ్జ్ బే క్యాంప్‌గ్రౌండ్లనూ జాంటెర్రా సంస్థ నిర్వహిస్తుంది. జూలై తేదీలు కావాలంటే ఏడాది ముందు నుంచే చూడటం మొదలుపెట్టాలి. అప్పటికే నిండిపోతే నిరుత్సాహపడవద్దు, రద్దయిన సైట్లు మళ్లీ జాబితాలోకి వస్తూనే ఉంటాయి కాబట్టి రోజూ ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి. పేరున్న గీజర్ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర క్యాంప్‌గ్రౌండ్ లేదు, అక్కడ ఆర్‌వీలో రాత్రి గడపవచ్చన్న ఆశతో వెళ్లకండి.

లోపల దొరకకపోతే పశ్చిమ ద్వారం ఆనుకుని ఉన్న వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో మూడు కనెక్షన్లూ ఉన్న ప్రైవేటు ఆర్‌వీ పార్కులు ఉన్నాయి. అక్కడి నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ సుమారు 30 మైళ్లు. రెండో మకాం కోసం దక్షిణాన గ్రాండ్ టీటాన్ నేషనల్ పార్కులోని కోల్టర్ బే ఆర్‌వీ పార్కును చూడండి. అక్కడ కూడా మూడు కనెక్షన్లూ ఉంటాయి, ఫిషింగ్ బ్రిడ్జ్ నుంచి సుమారు 60 మైళ్ల దూరం. సైటు ఎంచుకునేటప్పుడు దాని పొడవు మీ బండి పొడవు కంటే ఎక్కువ ఉందో లేదో చూడండి. వెనక్కు నడపాల్సిన అవసరం లేకుండా ఒక వైపు నుంచి వెళ్లి మరో వైపు బయటికి వచ్చే సైట్లు దొరికితే, మొదటిసారి నడిపేవారు కొంచెం ఎక్కువ ఇచ్చి అయినా అవే తీసుకోవడం మంచిది.

బండి ఎంపిక

అద్దెకు దొరికేవాటిలో కుటుంబానికి సరిపడేది క్లాస్ సి రకం. ముందు భాగం వ్యాన్‌లా ఉండి, డ్రైవర్ తల మీదుగా ఒక మంచం ముందుకు పొడుచుకు వచ్చి, వెనుక గది, వంటగట్టు, బాత్రూమ్ ఉంటాయి. 25 నుంచి 28 అడుగుల బండి ఆరుగురికి సరిపోతుంది, అంతకు పెద్దది తీసుకుంటే పార్కులో పార్కింగ్ దొరకడం కష్టమవుతుంది. ప్రకటనలో ‘ఆరుగురు పడుకోవచ్చు’ అని ఉంటే సరిపోదు, ఆరుగురికి సీటు బెల్టులు ఉన్నాయా అని విడిగా అడగండి. అందులోనూ పిల్లల కార్ సీటు బిగించాలంటే ముందుకు చూసే సీటు కావాలి. భోజనాల బల్ల దగ్గర బండి వెనుకవైపుకు చూసే సీటు మీద, పక్కకు చూసే సోఫా మీద కార్ సీటు పెట్టకూడదు. బండి కదులుతున్నంతసేపూ పెద్దవాళ్లు సహా ఎవరూ మంచం మీద పడుకోకూడదు, టీ పెట్టడానికి లేవకూడదు. ఈ ఒక్క విషయంలో ఇంట్లో ఎవరి మాటకూ మెత్తబడవద్దు.

పడకల పంపకం ముందే తేల్చుకోండి. పై మంచానికి నిచ్చెన ఎక్కాలి కనుక అది కాస్త పెద్ద పిల్లలకు సరిపోతుంది. వెనుక గదిలోని మంచం బాత్రూమ్‌కు దగ్గరగా ఉంటుంది కనుక అమ్మానాన్నలకు వదలండి. బల్లను దించి మంచంగా మార్చుకునే చోటు మీకు. బండి మెట్లు ఎత్తుగా ఉంటాయి, ఒక చిన్న మడత స్టూలు కొని తలుపు ముందు వేసుకుంటే పెద్దవాళ్లకు ఎక్కడం దిగడం చాలా తేలికవుతుంది.

ఈ పరిమాణం బండికి మామూలు డ్రైవింగ్ లైసెన్సు సరిపోతుంది. అయితే మీ కారు ఇన్సూరెన్సుగానీ, క్రెడిట్ కార్డు ఇచ్చే అద్దె కారు రక్షణగానీ మోటర్‌హోమ్‌కు వర్తిస్తుందని అనుకోకండి. చాలా కార్డులు దీన్ని స్పష్టంగా మినహాయిస్తాయి. ఫోన్ చేసి అడిగి, వర్తించదంటే అద్దె సంస్థ ఇచ్చే ఇన్సూరెన్సే తీసుకోండి. ధర చూసేటప్పుడు రోజు అద్దెతో ఆగకుండా, ఎన్ని మైళ్లు ఉచితం, జనరేటర్ గంటకు ఎంత, దుప్పట్లు వంటపాత్రల కిట్‌కు ఎంత, మురుగు ట్యాంకులు ఖాళీ చేయకుండా తిరిగి ఇస్తే ఎంత అన్నవి రాసుకుని పోల్చండి.

బండి చేతికి తీసుకునే రోజు

సాల్ట్ లేక్ సిటీకి విమానంలో వెళ్లి, అక్కడ బండి తీసుకోవడం చాలామందికి అనువుగా ఉంటుంది. ఆ రోజు వేరే పని ఏదీ పెట్టుకోకండి. బండి చుట్టూ, పైకప్పు అంచులు, అద్దాలు, టైర్లు, లోపలి అల్మరాలు అన్నీ కనిపించేలా వీడియో తీయండి. తరువాత సంస్థ మనిషిని పక్కన నిలబెట్టుకుని ప్రతిదీ మీ చేతులతో ఒకసారి చేసి చూడండి: నీటి పంపు స్విచ్, హీటర్, గ్యాస్ పొయ్యి, జనరేటర్ స్టార్ట్, ఫ్రిజ్, బయటి ఛత్రం (బండి పక్కన తెరుచుకునే ఎండ పందిరి), ట్యాంకుల వాల్వులు. పొగ, గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పనిచేస్తున్నాయో లేదో బటన్ నొక్కి విని మరీ నిర్ధారించుకోండి. బండి ఎత్తు ఎంతో అడిగి, ఒక కాగితం మీద పెద్ద అంకెలతో రాసి స్టీరింగ్ ముందు అంటించండి. సాధారణంగా అది 11, 12 అడుగుల మధ్య ఉంటుంది. కాఫీ షాపు డ్రైవ్ త్రూలోకి, తక్కువ ఎత్తు పెట్రోలు బంకు కిందికి అలవాటుగా తిప్పే క్షణంలో ఆ కాగితమే కాపాడుతుంది.

నడపడంలో గుర్తుంచుకోవాల్సినవి మూడు. వెనుక చక్రాల తరువాత బండి చాలా పొడవు ఉంటుంది కనుక మలుపు తిప్పినప్పుడు తోక అవతలి వైపుకు ఊగుతుంది, బంకులో పంపును గీసుకునేది అప్పుడే. ఆగడానికి కారు కంటే చాలా ఎక్కువ దూరం పడుతుంది. దిగుడు రోడ్లలో బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా తక్కువ గేరులో దిగాలి.

దారి సులువైనదే: ఇంటర్‌స్టేట్ 15 మీద ఉత్తరంగా ఐడహో ఫాల్స్ వరకు, అక్కడి నుంచి యు.ఎస్. 20 మీద వెస్ట్ ఎల్లోస్టోన్ వరకు, మొత్తం సుమారు 320 మైళ్లు. కారులో ఐదు గంటల్లో వెళ్లేది ఆర్‌వీలో ఆరున్నర, ఏడు గంటలు పడుతుందనుకోండి. తిరుగు ప్రయాణంలో జాక్సన్ మీదుగా వచ్చేటప్పుడు మ్యాపు మిమ్మల్ని టీటాన్ పాస్ మీదుగా పంపాలని చూస్తుంది. పది శాతం వాలున్న ఆ కొండదారిని కొత్తగా నడిపేవారు పూర్తిగా మానుకుని, ఆల్పైన్, స్వాన్ వ్యాలీ మీదుగా ఐడహో ఫాల్స్ చేరండి. గ్రాండ్ టీటాన్‌లోని మూస్–విల్సన్ రోడ్డు మీదికి ఆర్‌వీలను అసలు అనుమతించరు. పార్కులో ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

కరెంటు లెక్క

ఈ బండ్లు సాధారణంగా 30 ఆంపియర్ల కనెక్షన్ మీద నడుస్తాయి. 120 వోల్టుల దగ్గర అంటే 3,600 వాట్లు మొత్తం బండికి. ఏసీ ఒక్కటే దాదాపు 1,500 వాట్లు తీసుకుంటుంది, కెటిల్ మరో 1,500, ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కర్ సుమారు 1,000. మూడూ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. మన వంటలకు ఒక క్రమం పెట్టుకోండి: కుక్కర్ పని అయ్యాక కెటిల్, ఆ తరువాత మైక్రోవేవ్. సైటుకు చేరగానే స్తంభం మీది బ్రేకర్ ఆపి, తీగ బిగించి, తరువాతే బ్రేకర్ వేయాలి. విప్పేటప్పుడూ ముందు బ్రేకర్ ఆపాలి. కనెక్షన్ లేని చోట ప్లగ్గులకు కరెంటు కావాలంటే జనరేటరే దిక్కు, దాన్ని క్యాంప్‌గ్రౌండ్ రాసిపెట్టిన వేళల్లోనే వేయాలి. బండి పెట్రోలు ట్యాంకు పావు వంతుకు దిగితే జనరేటర్ దానంతట అదే ఆగిపోతుంది, అది చెడిపోవడం కాదు.

వేసవి కదా అని చలిని తక్కువగా చూడవద్దు. ఎల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగులకు పైన ఉంది, జూలైలో కూడా తెల్లవారుజామున నీరు గడ్డకట్టే చలికి దగ్గరగా పడిపోయే రాత్రులు ఉంటాయి. అమ్మానాన్నలకు స్వెట్టర్లు, ఉన్ని టోపీ, మందపాటి సాక్సులు తప్పనిసరి. అంత ఎత్తులో మొదటి రోజు ఆయాసం, తలనొప్పి రావచ్చు కనుక గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు డాక్టరును అడిగిన తరువాతే బయలుదేరాలి.

నీళ్లు, మురుగు

బండిలో మూడు ట్యాంకులుంటాయి. మంచినీటిది ఒకటి, స్నానం, సింకు నీరు చేరే గ్రే ట్యాంకు ఒకటి, టాయిలెట్ నుంచి చేరే బ్లాక్ ట్యాంకు ఒకటి. మురుగు కనెక్షన్ ఉన్న చోట కూడా బ్లాక్ ట్యాంకు వాల్వు మూసే ఉంచండి. తెరిచి ఉంచితే నీరు మాత్రం వెళ్లిపోయి మిగతాది అడుగున గట్టిపడుతుంది, ఆ తరువాత వచ్చే వాసనను ఏ మందూ పోగొట్టలేదు. టాయిలెట్‌లో ఆర్‌వీ కోసం అమ్మే పేపరు తప్ప మరేదీ, తడి వైప్స్ సహా, వేయకూడదని ఇంటిల్లిపాదికీ మొదటి రోజే చెప్పండి. నీళ్లతో కడుక్కునే మన అలవాటుకు ఒక చిన్న మగ్గు పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు, పైగా ట్యాంకులో నీరు ఎంత ఉంటే ఖాళీ చేసేటప్పుడు అంత శుభ్రంగా పోతుంది. ఫ్లష్ చేయడానికి కాలితో తొక్కే పెడల్ ఉంటుంది, పెద్దవాళ్లకు ఒకసారి చూపించండి.

ఖాళీ చేసే పని చూడటానికి భయంగా ఉన్నా, వరుస తప్పకపోతే పావుగంటలో అయిపోతుంది. చేతులకు వాడి పారేసే తొడుగులు వేసుకోండి. రెండు వాల్వులూ మూసి ఉన్నాయని చూసుకున్నాకే బండి కింద ఉన్న మూత తీయండి. మూడు అంగుళాల గొట్టం ఒక కొసను అక్కడ తిప్పి బిగించి, లాగి చూసి, రెండో కొసను నేలలోని రంధ్రంలో కదలకుండా పెట్టండి. ముందు బ్లాక్ వాల్వు లాగండి. పారే చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండి దాన్ని మూసి, అప్పుడు గ్రే వాల్వు తెరవండి. సబ్బు నీళ్లు వెనకాల రావడం వల్ల గొట్టం తనంతట తానే కడుక్కుపోతుంది. రెండూ మూసి, గొట్టాన్ని బండి వైపు నుంచి కొంచెం కొంచెంగా పైకెత్తుతూ పోతే లోపల మిగిలినది జారిపోతుంది. చివరగా టాయిలెట్‌లో కొన్ని నీళ్లు, ఒక మోతాదు ట్యాంకు మందు పోయండి. మురుగు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌లో గొట్టం కడగడానికి ఉన్న కుళాయి వేరు, తాగునీటి కుళాయి వేరు. రెండింటికీ బోర్డులుంటాయి, చదవకుండా మంచినీటి గొట్టం తగిలించకండి. తాగునీటికి తెల్ల గొట్టం మాత్రమే వాడండి.

వేడినీటి ట్యాంకు చిన్నది, సాధారణంగా ఆరు గ్యాలన్లు. ఒంటి మీద నీళ్లు పోసుకుని ఆపి, సబ్బు రుద్దుకుని, మళ్లీ తెరవాలి. ఫిషింగ్ బ్రిడ్జ్ వంటి చోట డబ్బు కట్టి చేసే స్నానాల గదులున్నాయి, పెద్దవాళ్లకు తలస్నానం రోజు అక్కడే హాయి.

వంట

మన వంటకు ఇక్కడ ఎదురయ్యే అసలు చిక్కు ఎత్తు. సరస్సు దగ్గర నీరు 92 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. కందిపప్పు గిన్నెలో ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు, మామూలు రైస్ కుక్కర్‌లో అన్నం బిరుసుగా దిగుతుంది. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ చెకిన్ సామానులో పెట్టుకుని వెళ్లండి. పప్పును అరగంట నానబెట్టి, ఇంటి దగ్గర కంటే ఒకటి రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి, బియ్యానికి అర గ్లాసు నీళ్లు ఎక్కువ పోయండి. గ్యాస్ పొయ్యి మీద కుక్కర్ పెట్టినప్పుడు పైకప్పు మీది వెంట్ తెరిచి, ఫ్యాన్ వేయాలి. పోపు మాత్రం బండిలో పెట్టవద్దు. ఎండుమిర్చి ఘాటు ఆ చిన్న గదిలోంచి పోదు, పొగ అలారం మొత్తుకుంటుంది. ఇంటి దగ్గరే ఆవాలు, జీలకర్ర, మిర్చి, కరివేపాకు నూనెలో వేయించి సీసాలో తెచ్చుకుంటే, ఉడికిన పప్పులో ఒక చెంచా కలిపితే సరిపోతుంది. పులిహోర గుజ్జు, కందిపొడి, ఆవకాయ, ఉప్మా కోసం వేయించి ఉంచిన రవ్వ ఉంటే వారం నిశ్చింతగా గడుస్తుంది. కూరగాయలు, పెరుగు, పాలు ఐడహో ఫాల్స్‌లోని పెద్ద దుకాణాల్లో కొనుక్కోండి. పార్కులో ధరలు ఎక్కువ, మన సరుకులు దొరకవు.

గిన్నెలు కడిగే ముందు నూనె, మెతుకులు పేపర్ టవల్‌తో తుడిచి చెత్తలో వేయండి. మెతుకులు గ్రే ట్యాంకులో చేరితే రెండో రోజుకే పులిసిన వాసన సింకులోంచి పైకి వస్తుంది. ఫ్రిజ్ చల్లబడటానికి ఒక రాత్రి పడుతుంది, పాత రకం గ్యాస్ ఫ్రిజ్ అయితే బండి సమంగా నిలబడితేనే సరిగా పనిచేస్తుంది. చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ దిమ్మలు అందుకే.

ఎలుగుబంట్ల విషయంలో పార్కు నియమం కఠినంగా ఉంటుంది, అలాగే ఉండాలి కూడా. తినే వస్తువు ఏదైనా, ఖాళీ గిన్నె, ఆవకాయ సీసా, చెత్త సంచి, కుక్కర్ కడిగిన నీళ్లు సహా, బయట వదలకూడదు. మనిషి తిండికి అలవాటు పడిన ఎలుగును చివరికి చంపాల్సి వస్తుంది. ఎలుగుబంట్లు, తోడేళ్లు, కూగర్ల (కొండ సింహాల) నుంచి 100 గజాలు, బైసన్ సహా మిగతా జంతువుల నుంచి 25 గజాలు దూరం ఉండాలి. రోడ్డు పక్కన గేదెలా నెమ్మదిగా మేస్తున్న బైసన్‌ను చూసి ఫొటోకి దగ్గరగా వెళ్లాలని పెద్దవాళ్లకూ అనిపిస్తుంది. అది మనిషి కంటే చాలా వేగంగా పరుగెత్తగలదని ముందే చెప్పి ఉంచండి.

పార్కులో రోజు గడపడం

ఎనిమిది అంకె ఆకారంలో ఉండే గ్రాండ్ లూప్ రోడ్డు 142 మైళ్లు, వేగ పరిమితి గంటకు 45 మైళ్లు. ఒక్క రోజులో మొత్తం తిరగాలని చూడకండి. కింది లూప్‌ను రెండు రోజులుగా విడగొట్టి, ఒక రోజు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగుల వేడి ఊట వైపు, మరో రోజు హేడెన్ వ్యాలీ, కాన్యన్ జలపాతాల వైపు వెళ్లండి. గ్రాండ్ ప్రిస్మాటిక్ ఉన్న మిడ్‌వే గీజర్ బేసిన్ పార్కింగ్ ఆర్‌వీకి ఇరుకు, ఉదయం తొమ్మిదిలోపు చేరితేనే చోటు దొరుకుతుంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర పార్కింగ్ విశాలం. గీజర్ సగటున గంటన్నరకు ఒకసారి ఎగజిమ్ముతుంది, తరువాతి వేళ విజిటర్ సెంటర్‌లో రాసి ఉంటుంది, ఈలోపు బండిలో భోజనాలు కానివ్వవచ్చు. వేడి ఊటల దగ్గర చెక్క బాట దిగితే నేల పైపొర పలుచగా ఉండి విరిగిపోతుంది, కింద మరిగే నీరుంటుంది. చిన్నపిల్లల చేయి వదలవద్దు.

ప్రవేశ రుసుం ఏడు రోజులకు వాహనానికి 35 డాలర్లు, గ్రాండ్ టీటాన్‌కు విడిగా మరో 35. అమెరికాలో నివసించేవారికి అన్ని పార్కులకూ చెల్లే వార్షిక పాస్ 80 డాలర్లు. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివసించని 16 ఏళ్లు, ఆపై వయసువారికి ఈ రెండు పార్కులు సహా 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్ల అదనపు రుసుం పెట్టారు, వారి వార్షిక పాస్ 250 డాలర్లు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు బండిలో ఉన్నప్పుడు మీ పాస్ ఎలా వర్తిస్తుందో కొనేముందే పార్కు వెబ్‌సైట్‌లో చదివి, మీ స్టేట్ ఐడీ దగ్గర పెట్టుకుని వెళ్లండి.

కదిలే ముందు, తిరిగి ఇచ్చే ముందు

సైటు నుంచి ప్రతిసారీ కదిలే ముందు ఒకరు లోపల, ఒకరు బయట చూడాలి. లోపల అల్మరా గొళ్లేలు, ఫ్రిజ్ తలుపు, పైకప్పు వెంట్లు, పొయ్యి మీది కుక్కర్. బయట తీగ, గొట్టాలు, మెట్టు, ఛత్రం, చక్రాల దిమ్మలు. పిల్లల్లో ఒకరికి కాగితం, పెన్సిలు ఇచ్చి టిక్కులు పెట్టిస్తే ఏదీ మరిచిపోరు, వాళ్లకూ ఆ పని ఇష్టంగా ఉంటుంది.

చివరి రాత్రి సాల్ట్ లేక్ సిటీకి గంట, రెండు గంటల దూరంలో గడిపి, ఉదయాన్నే అక్కడే ట్యాంకులు ఖాళీ చేసుకోండి. తిరిగి ఇచ్చే చోటికి దగ్గరలో పెట్రోలు, ఒప్పందంలో ఉంటే ప్రొపేన్ (పొయ్యి గ్యాస్) కూడా, నింపి రసీదులు దాచండి. మైళ్ల మీటరు, జనరేటర్ గంటల మీటరు, ట్యాంకుల సూచిక మూడింటికీ ఫొటోలు తీసి, బండి చుట్టూ మళ్లీ వీడియో తీసి, సంస్థ మనిషి పరిశీలించి సంతకం చేసిన కాగితం మీ చేతికి వచ్చేదాకా అక్కడే ఉండండి. విమానం సాయంత్రానిది తీసుకుంటే ఈ పనులన్నీ హడావుడి లేకుండా సాగుతాయి. డిపాజిట్ తిరిగి జమ కావడానికి కొన్ని రోజులు పడుతుంది కనుక అప్పటిదాకా ఫొటోలు, రసీదులు తీసేయకండి.